చట్టం కన్న మనిషి: సింగరేణి నుంచి సారపాక దాకా

మన ప్రాంత చరిత్రను సాహిత్యంలోకి తెచ్చిన రచయితలు దొర గురించి రాశారు. పటేల్ పట్వారీల గురించి, వడ్డీ షావుకారు గురించి, అడవి గార్డు గురించి రాశారు. కంపెనీ గురించి రాసినవారు బహు తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. దొరకు గడి ఉంది, మీసం ఉంది, చేతిలో కర్ర ఉంది. అతన్ని కథలో నిలబెట్టవచ్చు, పాటలో తిట్టవచ్చు. కంపెనీకి ముఖం లేదు. దానికున్నదల్లా ఒక పేరు, ఒక ముద్ర, ఎక్కడో ఒక రిజిస్టర్డు ఆఫీసు. అయినా నిష్పాక్షికంగా పరిశీలిస్తే, నూట నలభై ఏళ్లుగా ఖమ్మం-భద్రాచలం అడవి అంచున మనుషుల బతుకుల్ని మలిచిన శక్తుల్లో ఈ ముఖంలేని మనిషిదే పెద్ద పీట.

ఈ సంగతి నా అంతట నేను కనుక్కొన్నది కాదు. కిందటి వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థిని ఒకామె, కోయగూడెం మనిషి, కాగితాల కట్ట పట్టుకొని ఇంటికి వచ్చింది. వాళ్ల గూడేలవాళ్లు కలిసి ఇప్పపువ్వు, చింతపండు అమ్ముకోవడానికి కొన్నేళ్ల కింద 'ఉత్పత్తిదారుల కంపెనీ' పెట్టుకొన్నారు. పెట్టించిన సంస్థ తన ప్రాజెక్టు గడువు ముగియగానే వెళ్లిపోయింది. ఏటా దాఖలు చేయవలసిన లెక్కలు దాఖలు కాలేదు. ఆలస్యమైన ఒక్కో కాగితానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతున్నదని ఆడిటరు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం ఆమె చేతిలో ఉంది. ఆమె ఆ కంపెనీకి డైరెక్టరు. ఆమె అడిగిన మాట ఇది: "సారూ, కంపెనీ అంటే మీరే అని మీటింగుల చెప్పిన్రు. మేమే కంపెనీ ఐతే మా మీద జుర్మానా ఏసింది ఎవరు?"

ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొని బతికేవాణ్ని. సెక్షన్లు నాకు కొత్త. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోవడం సిగ్గనిపించింది. ఏడాదిగా వీలు దొరికినప్పుడల్లా కంపెనీ చట్టాల చరిత్ర చదువుతూ వచ్చాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

1

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. తెలుగువాడికి కంపెనీతో తొలి పరిచయం 'కుంపిణీ'. అది వ్యాపారం చేసింది, పన్ను వసూలు చేసింది, సైన్యాన్ని నడిపింది. అందుకే మన పల్లెల్లో ఆ మాటకు సర్కారు అనే అర్థం స్థిరపడింది. నేటికీ కొత్తగూడెంలో, ఇల్లందులో 'కంపెనీ' అంటే ఒకటే - సింగరేణి. కంపెనీ క్వార్టరు, కంపెనీ దవాఖానా, కంపెనీ బడి. బొగ్గు గని మాత్రం బాయి. బాయి మనిషి తవ్విన గుంత, కళ్లకు కనిపించేది. కంపెనీ కనిపించనిది, కాని కనిపించేదంతా దానిదే. కార్మికుడి భాష ఈ తేడాను ఎప్పుడో పట్టుకొంది.

చట్టం భాషలో కంపెనీ ఒక 'వ్యక్తి'. ఇంగ్లండులో 1844లో రిజిస్ట్రేషను పద్ధతి వచ్చింది. 1855లో పరిమిత బాధ్యత వచ్చింది. అంటే కంపెనీ మునిగితే వాటాదారుడు తన వాటా సొమ్ము వరకే నష్టపోతాడు, ఇల్లూ వాకిలీ అమ్ముకోనక్కరలేదు. 1862లో ఇవన్నీ ఒక్క చట్టంగా కూర్చారు. 1896లో సాలమన్ కేసులో ప్రభువుల సభ తీర్పు ఇస్తూ, వాటాదారులు వేరు, కంపెనీ వేరు, అది తనంత తానుగా ఒక వ్యక్తి అని తేల్చింది. బ్రిటిష్ ఇండియాలో ఇదే దారిలో 1850, 1857, 1866, 1882, 1913 చట్టాలు వచ్చాయి. చావులేని, కులంలేని, ఊరులేని ఒక మనిషిని చట్టం కన్నది. ఆ మనిషి మన అడవికి ఎప్పుడు వచ్చాడు?

2

1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని గుర్తించాడు. 1886లో నిజాం ప్రభుత్వం వాట్సన్, స్టువర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువారికి 99 ఏళ్ల గనుల హక్కు రాసిచ్చింది. ఆ హక్కుతో లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ రిజిస్టరు అయింది. బొగ్గు ఇల్లందులో, కంపెనీ లండన్‌లో, అనుమతి హైదరాబాద్‌లో! ఈ మూడు ఊళ్ల దూరంలోనే కుంభకోణం పుట్టింది.

కంపెనీ మూలధనం కాగితం మీద ఘనంగా ఉంది. అందులో అత్యధిక భాగం వాటాలు హక్కు పొందినవారే, సొమ్ము కట్టకుండా, హక్కుకు ప్రతిఫలంగా తీసుకొన్నారు. నిజాం ప్రతినిధిగా లండన్ వెళ్లిన అబ్దుల్ హక్, తన చేతిలో ఉన్న వాటాలనే బజారులో కొన్నట్టు చూపి నిజాం ప్రభుత్వానికి అంటగట్టాడు. గొడవ బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయింది. 1888లో కామన్స్ సభ విచారణ సంఘాన్ని వేసింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ విచారణకు విషయం వాటాల కొనుగోలు, అమ్మకం. మోసపోయినవారు ఎవరని ప్రశ్న వచ్చినప్పుడు నిజాం, వాటాదారులు అని జవాబు వచ్చింది. ఏ నేల కింద బొగ్గు ఉన్నదో ఆ నేల మీది మనిషి ఆ లెక్కలోకి రానేలేదు. కంపెనీ చట్టం తొలి రోజుల నుంచే మోసాన్ని గుర్తుపట్టగలిగింది, కాని ఎవరికి మోసం జరిగినప్పుడు మోసం అనాలో దానికి ముందే ఒక నిర్ణయం ఉంది.

అంతకు ముందే, 1883లో, చాందా రైల్వే వ్యవహారంలో హైదరాబాద్ విద్యావంతులు ఈ ఒప్పందాల లెక్కలు జనానికి చెప్పాలని అడిగారు. అడిగినవారిలో ఒకరైన అఘోరనాథ చటోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. సరోజినీ నాయుడి తండ్రిగానే ఆయన మనకు తెలుసు. కంపెనీ లెక్క అడిగి బహిష్కరణకు గురైనవాడిగా కూడా గుర్తు పెట్టుకోవాలి.

3

నిజాం రాజ్యానికి సొంత కంపెనీ చట్టం 1320 ఫసలీలో, అంటే 1910-11లో వచ్చింది. ఆ చట్టం కిందే 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడి, పాత లండన్ కంపెనీ ఆస్తులను అప్పులతో సహా స్వీకరించింది. బెస్ట్ అండ్ కంపెనీ దానికి కార్యదర్శులుగా, అమ్మకపు ఏజెంట్లుగా వ్యవహరించింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. 1945 నుంచి 1949 దాకా హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ మేనేజింగ్ ఏజెంటుగా ఉంది. 1949లో ఆ పని ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండుకు అప్పగించారు.

మేనేజింగ్ ఏజెన్సీ అనేది వలస పాలన మనకు ఇచ్చిన వింత ఏర్పాటు. వాటాదారులు ఒకరు, అధికారం మరొకరిది. ఒక కంపెనీ మరో కంపెనీకి ఏజెంటుగా కూర్చొని కమీషను తింటుంది. స్వతంత్రం వచ్చాక భాభా కమిటీ సిఫారసుల మీద తయారైన 1956 కంపెనీల చట్టం ఈ కమీషనుకు నికర లాభంలో 10 శాతం మించరాదని కట్టడి పెట్టింది. పూర్తిగా రద్దు కావడానికి 1970 ఏప్రిల్ దాకా పట్టింది. చెడ్డదని ఒప్పుకొన్న పద్ధతికి కూడా సర్దుకోవడానికి పద్నాలుగేళ్ల గడువు దొరికింది. ఈ సంఖ్యను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, వ్యాసం చివర మళ్లీ పని పడుతుంది.

హైదరాబాద్ విలీనం తరువాత 1951 ఏప్రిల్ నుంచి భారత కంపెనీల చట్టం ఇక్కడికి వచ్చింది, నిజాం చట్టం పోయింది. అయిదేళ్లకు, 1956 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం. ఆ ఏడాదే రాష్ట్రాల పునర్విభజనతో సింగరేణి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1960 నుంచి కేంద్రం భాగస్వామి. నేడు తెలంగాణ వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. ప్రభుత్వం చేతిలో 51 శాతానికి తగ్గకుండా వాటా ఉంటే అది 'ప్రభుత్వ కంపెనీ' అనీ, దాని లెక్కలు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ చూడాలనీ, వార్షిక నివేదిక చట్టసభ ముందు పెట్టాలనీ 1956 చట్టం చెప్పింది. ఇది చిన్న విషయం కాదు. 1883లో అడిగితే దేశం విడిచి పొమ్మన్న లెక్క, ఇప్పుడు శాసనసభ బల్ల మీదికి వచ్చింది.

అయితే ఈ మార్పును చట్టం దయగా ఇచ్చిందనుకుంటే పొరపాటు. దేవూరి శేషగిరి వంటి నాయకులు బాయి పనివాళ్లలో సంఘం కట్టి, ప్రాణాలిచ్చిన చరిత్ర దాని వెనుక ఉంది. కార్మికుడు కంపెనీకి కూలీ మాత్రమే కాదు, దానిలో భాగం కూడా అనే మాట చట్టంలోకి ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి. కంపెనీని మూసివేసే దావాలో కార్మికుల మాట వినవలసిందేనని సుప్రీంకోర్టు చెప్పింది 1982లో. మూతపడిన కంపెనీ ఆస్తి పంచేటప్పుడు కార్మికుల బకాయిలను తాకట్టు రుణదాతల బాకీతో సమానంగా చూడాలని చట్టసవరణ వచ్చింది 1985లో. 2016 దివాలా చట్టం ఆ సమానత్వాన్ని 24 నెలల బకాయిలకు కుదించింది. ముందుకు వేసిన అడుగు వెనక్కి పడటానికి ముప్పై ఒక్క ఏళ్లే పట్టింది.

4

ఇప్పుడు గోదావరి దాటుదాం. నది కుడి ఒడ్డున బూర్గంపహాడ్, సారపాక - నిజాం రాజ్యం. ఎడమ ఒడ్డున భద్రాచలం - మద్రాసు రాజధాని. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మధ్య పరగణాల నుంచి తీసి గోదావరి జిల్లాలో కలిపారు. అక్కడ పోడు మీద పన్ను పెరిగింది, అడవికి ఆంక్షలు వచ్చాయి. 1879 నాటి రంప తిరుగుబాటు రేకపల్లి దాకా పాకింది. మన్యంలో మామూలు చట్టాలు నడవవని వలస ప్రభుత్వం గ్రహించింది. 1917లో ఏజన్సీ భూబదిలీ చట్టం చేసి, కొండజాతుల భూమి బయటివాళ్లకు పోకుండా అనుమతి నిబంధన పెట్టింది. దాని వెనుక దయకంటే తిరుగుబాటు భయమే ఎక్కువ. అయినా అది అడవి మనిషికి చేతికందిన కర్ర.

1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చాయి. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నియంత్రణ వచ్చింది. తెలంగాణ ఏజన్సీకి అది వర్తించింది 1963లో. అంటే నదికి ఒక ఒడ్డున 1917 నుంచి ఉన్న రక్షణ, రెండో ఒడ్డుకు అదే రూపంలో చేరడానికి నలభై ఆరేళ్లు. 1970లో చేసిన సవరణ మరింత గట్టిది. ఏజన్సీలో భూమి గిరిజనుడికి గాని, పూర్తిగా గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి గాని తప్ప ఎవరికీ బదిలీ కారాదు, చివరికి గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఈ నియంత్రణ రాజ్యాంగబద్ధమేనని 1988లో సుప్రీంకోర్టు నిర్ధారించింది.

ఇక్కడే రెండు చట్టాలు ఎదురుబొదురుగా నిలిచాయి. కంపెనీ చట్టం 'కంపెనీ ఒక వ్యక్తి' అంటుంది. భూబదిలీ నియంత్రణ 'గిరిజనేతర వ్యక్తికి భూమి చెల్లదు' అంటుంది. అయితే కంపెనీ అనే వ్యక్తి గిరిజనుడా, గిరిజనేతరుడా? ప్రభుత్వం గనుల లీజు ఇస్తే అది 'వ్యక్తి' చేసిన బదిలీ అవుతుందా? విశాఖ మన్యంలో అనంతగిరి మండలం లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో జవాబు చెప్పింది. ప్రభుత్వం కూడా ఆ మాటలోకి వచ్చే వ్యక్తే. ప్రైవేటు కంపెనీ గిరిజనేతర వ్యక్తి. కనుక ఆ లీజులు చెల్లవు. గనులు తవ్వవలసివస్తే ప్రభుత్వ సంస్థలు గాని, గిరిజనుల సహకార సంఘాలు గాని తవ్వాలి. అంతేకాదు, గిరిజన ప్రాంతాల్లో నికర లాభంలో కనీసం 20 శాతం నీటివసతికి, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా ఆ తీర్పు అన్నది.

వంద ఏళ్లుగా 'వ్యక్తి' అనే బిరుదుతో కంపెనీ హక్కులు పొందింది. ఆ బిరుదు దానికి అడ్డుపడినది ఈ తీర్పులో. హక్కుల కోసం మనిషి అయితే, నిషేధాల కోసం కూడా మనిషే కావాలి. నా దృష్టిలో మన న్యాయ చరిత్రలో ఇంత సరళమైన, ఇంత పదునైన తర్కం అరుదు.

5

కుడి ఒడ్డున 1975లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ లిమిటెడ్ ఏర్పడింది. దాన్ని నెలకొల్పింది ఐటీసీ. 1979లో ఉత్పత్తి మొదలైంది. పేరు ఎడమ ఒడ్డు పుణ్యక్షేత్రానిది, మిల్లు కుడి ఒడ్డు సారపాకలో. వెదురు ముడిసరుకు కావడంతో అడవి మనిషికి కూలి దొరికింది, చేతిపని వెదురుకు పోటీ కూడా వచ్చింది. తరువాత రైతుల చేలల్లో నీలగిరి, సుబాబుల్ తోటలు పెరిగాయి. జిల్లాలో చాలా కుటుంబాలకు మిల్లు ఉద్యోగం ఇచ్చింది, ఆ మాట కాదనడం అన్యాయం. నా ఆక్షేపణ వేరు. 2002లో ఆ కంపెనీ ఐటీసీలో విలీనమైంది. 1956 చట్టం 391 నుంచి 394 వరకు సెక్షన్ల ప్రకారం విలీనానికి వాటాదారుల, రుణదాతల సమ్మతి, హైకోర్టు ఆమోదం ఉంటే చాలు. వెదురు కొట్టే కోయవాడికి, టేకుపల్లి లారీ డ్రైవరుకు, సారపాక పంచాయితీకి అందులో ఓటు లేదు. అది ఆ కంపెనీ చేసిన తప్పు కాదు, చట్టం గీసిన గిరి అది. 2013 చట్టం ఆదాయపు పన్ను శాఖకు, రిజర్వు బ్యాంకుకు, ఇంకా పలు నియంత్రణ సంస్థలకు నోటీసు ఇవ్వాలన్నది. గ్రామసభ పేరు ఆ జాబితాలోకి ఇప్పటికీ రాలేదు.

సింగరేణి అనుభవం మరో పాఠం. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం మొదట ప్రభుత్వ కంపెనీలకు వర్తించలేదు. 1991 చివర చేసిన సవరణ వాటినీ లోపలికి లాగింది. ఆ మరుసటి ఏడే సింగరేణి ఖాయిలా పరిశ్రమల బోర్డు మెట్లెక్కింది, 1996లో మరోసారి ఎక్కింది. 1991 ఏ సంవత్సరమో పాఠకులకు చెప్పనక్కరలేదు. కంపెనీ కోలుకొన్నది, లాభాల్లోకి వచ్చింది, లాభంలో కార్మికులకు వాటా ఇచ్చే సంప్రదాయం కూడా 1990ల చివర మొదలైంది. కాని 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య 2020ల నాటికి సుమారు 40 వేలకు దిగింది. ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి తీసే పని ప్రైవేటు సంస్థలకు పోయింది. అక్కడ పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఈ లాభాల వాటాలో పర్మినెంటు కార్మికుడితో సమాన స్థానం లేదు. సవరణలో రెండు పంక్తులు, బాయి మీద ఒక తరం.

6

ఇక నేటి చట్టం. ఇరానీ కమిటీ 2005లో ఇచ్చిన నివేదికతో మొదలైన ప్రయత్నం 2013లో కొత్త కంపెనీల చట్టంగా పూర్తయింది. 658 సెక్షన్ల పాత చట్టం స్థానంలో 470 సెక్షన్లు. అయితే అది ఒక్క రోజున రాలేదు, విడతలుగా వచ్చింది. 2013 సెప్టెంబరు 12న 98 సెక్షన్లు. 2014 ఏప్రిల్ 1న మరో 183. జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ 2016 జూన్ 1న. విలీనాలు, మూసివేతల అధ్యాయాలు 2016 డిసెంబరులో. పాత చట్టాన్ని అధికారికంగా రద్దు చేసింది 2019 జనవరి 30న. దాదాపు అయిదున్నర ఏళ్లు ఈ దేశంలో రెండు కంపెనీ చట్టాలు పక్కపక్కనే నడిచాయి.

విడతలుగా రావడమే తప్పని నేను అనను. ట్రిబ్యునల్‌కు సభ్యులు కావాలి, నియమాలు రాయాలి. ట్రిబ్యునల్ ఆలోచన 2002 సవరణలోనే ఉన్నా, దాని నిర్మాణం న్యాయవ్యవస్థ స్వతంత్రతకు భంగమన్న దావాలు 2015లో గాని తేలలేదు. ఆ జాగ్రత్త మంచిదే. నా ప్రశ్న వేరే ఉంది. ఏ విడతలో ఎవరికి ఏం వచ్చింది? ఎవరికి గడువు దొరికింది, ఎవరికి దొరకలేదు?

ఒక ఉదాహరణ. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 135వ సెక్షన్. 2014 ఏప్రిల్ నుంచి అమలు. చేయకపోతే? కారణం నివేదికలో రాస్తే సరిపోయేది. 2019లో పార్లమెంటు దీనికి జైలు శిక్షతో కూడిన సవరణ చేసింది. ఆ జైలు నిబంధన అమలులోకి రానేలేదు. 2020లో దాన్ని డబ్బు జరిమానాగా మార్చి, 2021 జనవరి 22న అమలు చేశారు. అంటే పుట్టినప్పటి నుంచి ఏడేళ్లు, మధ్యలో చట్టసభ వేసిన శిక్ష పుస్తకంలోనే ఉండిపోయింది. సమత తీర్పులోని 20 శాతానికి, ఈ 2 శాతానికి మధ్య ఉన్న దూరం గురించి మన ఆర్థికవేత్తలు ఎంత మాట్లాడారో పాఠకులే చెప్పాలి. ఒకటి హక్కు భాషలో రాసినది, రెండవది ఔదార్యం భాషలో రాసినది.

రెండో ఉదాహరణ నా విద్యార్థిని చేతిలోని కాగితాల కట్ట. ఉత్పత్తిదారుల కంపెనీ అనే రూపాన్ని 2002 సవరణ తెచ్చింది. పదిమంది ఉత్పత్తిదారులు చాలు, వాటా ఎంతైనా మనిషికి ఒక్క ఓటు. సహకార సంఘం ఆత్మను కంపెనీ చొక్కాలో పెట్టిన ఆలోచన, మంచిదే. 2013 చట్టం రాసినవారు దీని సంగతి తరువాత చూద్దామని పాత చట్టంలోనే వదిలేశారు. 2021 ఫిబ్రవరిలో గాని కొత్త చట్టంలో దానికి చోటు దొరకలేదు. మొత్తం పాత చట్టం చచ్చినా ఈ ఒక్క భాగం ప్రాణంతో ఉండి, రైతులు, గిరిజనులు పెట్టుకొన్న కంపెనీలను మోసింది. హక్కుల సంగతి ఇలా ఆలస్యమైంది. బాధ్యతల సంగతికి ఆలస్యం లేదు. మూడేళ్లు వరుసగా లెక్కలు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు అయిదేళ్లు అనర్హులనే నిబంధన పాత చట్టంలో పబ్లిక్ కంపెనీలకే ఉండేది. 2014 ఏప్రిల్ నుంచి అన్నిటికీ వచ్చింది. 2017లో 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టరు నుంచి కొట్టేశారు. అందులో దొంగ కంపెనీలు ఎన్నో ఉంటాయి, వాటి మీద నాకు జాలి లేదు. 2018 జూలై నుంచి ఆలస్యమైన వార్షిక పత్రానికి రోజుకు 100 రూపాయలు. పత్రాలు రెండు. ఏడాదికి 73 వేలు. వేల కోట్ల కంపెనీకీ, ఇప్పపువ్వు ఏరుకొనే ఆడవాళ్ల కంపెనీకీ రోజు రేటు ఒక్కటే. మేనేజింగ్ ఏజెంట్లకు పద్నాలుగేళ్లు గడువు ఇచ్చిన చట్టం వీళ్లకు పద్నాలుగు రోజులు కూడా ఇవ్వలేదు. సమానత్వమంటే ఇదేనా?

మరో చిక్కు కూడా ఉంది. ఆ గూడేలవాళ్లకు చిన్న గోదాము కట్టుకోవాలని కోరిక. స్థలం కంపెనీ పేరుమీద కొందామనుకొన్నారు. భూబదిలీ నియంత్రణలో గిరిజనుల సహకార సంఘం పేరు ఉంది, కంపెనీ పేరు లేదు. సభ్యులందరూ కోయవాళ్లే, అయినా వాళ్ల కంపెనీకి తెగ లేదు! ఇది విని కొందరు ఆ నియంత్రణను సడలించాలంటారు. అది ప్రమాదకరమైన మాట. ఆ తలుపు వీళ్ల కోసం తీస్తే ముందుగా లోపలికి వచ్చేది వీళ్లు కారు. సడలించవలసింది భూమి చట్టాన్ని కాదు. గిరిజనుల చేత సహకార సంఘం పెట్టించకుండా, అది ఎందుకో కూడా చెప్పకుండా, కంపెనీ పెట్టించిన తొందరను ప్రశ్నించాలి. 1995 నుంచి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మన దగ్గర ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుతో సహా చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం ఇచ్చింది. ఆ హక్కుల మీద ఎలాంటి సంఘం కట్టుకోవాలో గ్రామసభ నిర్ణయించాలి గాని, ప్రాజెక్టు గడువు నిర్ణయించరాదు.

7

ఈ చరిత్ర నుంచి నేను తీసుకొన్న సారాంశం ఇది. కంపెనీ చట్టం శత్రువు కాదు, మిత్రుడూ కాదు. అది వర్గాల మధ్య పోరాటం కాగితం మీద మిగిల్చిన గీత. 1888లో ఆ గీత వాటాదారుడి దగ్గర ఆగింది. 1956లో చట్టసభ దాకా, 1982లో కార్మికుడి దాకా, 1997లో అడవి మనిషి దాకా జరిగింది. గీతను జరిపినది ప్రతిసారీ సంఘటిత ప్రజలే. జరిపేవాళ్లు అలసిపోయినప్పుడు అది వెనక్కి వస్తుంది, 1991లోనూ 2016లోనూ వచ్చినట్టు.

చట్టాన్ని విడతలుగా అమలు చేయదలచుకొన్నప్పుడు మొదటి విడత బలహీనుడి హక్కుదీ, చివరి విడత అతని జరిమానాదీ కావాలి. చిన్న ఉత్పత్తిదారుల కంపెనీలకు రుసుములు వాటి రాబడినిబట్టి ఉండాలి. కాగితాలు తెలుగులో ఉండాలి, కోయభాషలో చదివి వినిపించాలి. అడవి సరుకు మీద బతికే కంపెనీ విలీనమైనా మూతపడినా గ్రామసభకు నోటీసు రావాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

రచయితలకు ఒక మాట. దొర మీద మనం రాయగలిగింది అతన్ని చూశాం కనుక. కంపెనీని కూడా చూడటం నేర్చుకోవాలి. దాని ముఖం బ్యాలెన్స్ షీటులో ఉంటుంది, విలీన పథకంలో ఉంటుంది, గెజిటు నోటిఫికేషనులో 'అమలులోకి వచ్చు తేదీ' అన్న చోట ఉంటుంది. అవి చదవడం ప్లీడర్ల పని అని వదిలేస్తే, మన కథల్లోని పేదవాడు ఎవరి చేతిలో ఓడిపోతున్నాడో మనకే తెలియకుండా పోతుంది.

వానలు మొదలయ్యే ముందు ఆ గూడెంలో చింతచెట్టు కింద సమావేశం పెట్టుకొన్నారు. కాగితాలన్నీ తెలుగులో చదివాను, నా విద్యార్థిని కోయలో చెప్పింది. పాత బాకీ లెక్కలు దాఖలు చేసి, కంపెనీని ఉంచుకోవాలా, సహకార సంఘంగా మారాలా అన్నది పంటలయ్యాక తేల్చుకొందామని చేతులెత్తి తీర్మానం చేశారు. "ఇప్పుడు సమజైంది సారూ" అన్నది ఆమె లేస్తూ. "కంపెనీ మేమే. కాని దాని పుస్తకం ఇన్నాళ్లు మా చేతిల లేదు."

నేను ఏడాది చదివి తెలుసుకొన్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది. పుస్తకం ఎవరి చేతిలో ఉండాలన్నదే మిగిలిన పోరాటం.